నెమ్ము

తెలుగులో బూజు అన్న మాట ఒకటే అయినా వస్తువులు రెండు. ఇంటి మూలల్లో సాలెపురుగు విడిచిపోయిన పోగులకు దుమ్ము పట్టి వేలాడేది ఒక బూజు. రొట్టె మీద, ఊరగాయ జాడీ మూతి చుట్టూ, తడిసిన గోడ మీద నూగులా పుట్టుకొచ్చేది మరొక బూజు. మొదటిదాన్ని కర్రకు చీపురు కట్టి దులిపితే పోతుంది. రెండవదాన్ని అలాగే దులిపితే ఇల్లంతా వ్యాపిస్తుంది. ముప్పై నాలుగేళ్ళు ఉన్నత పాఠశాలలో తెలుగు పండితుడిగా నానార్థాలు బోధించినవాణ్ణి. ఒక మాటకున్న రెండర్థాల నడుమ దూరం ఒక మనిషి ఊపిరికి సంబంధించిన విషయం కాగలదని మాత్రం 2024 సెప్టెంబరులోనే ప్రత్యక్షంగా చూశాను.

నెమ్ము అన్న మాట ఇంకా విచిత్రమైనది. గోడకు దిగే చెమ్మనూ నెమ్మే అంటాం, ఛాతీలో చేరే జబ్బునూ నెమ్మే అంటాం. పసివాడికి "నెమ్ము చేసింది" అని మా అమ్మమ్మ అన్నదంటే ఆ ఇంట్లో వాము మూటతో కాపడం మొదలయ్యేది. గోడ నెమ్ముకూ రొమ్ము నెమ్ముకూ పెద్దలు ఒకే మాట వాడారు. ఇక పైకప్పు కారితే మనం "ఇల్లు కురుస్తోంది" అంటాం. తెలంగాణ మిత్రులు "ఉరుస్తుంది" అంటారు. మబ్బుకూ మిద్దెకూ మనకు ఒకే క్రియ. వాన బయట ఉన్నంతసేపు కవిత్వం, లోపలికి వచ్చిందంటే సంసారం. ఈ చమత్కారాలు తరగతి గదిలో బాగానే ఉంటాయి.

మా ఇల్లు విజయవాడ అజిత్ సింగ్ నగర్ ప్రాంతంలో ఉంది. 1996లో కట్టుకొన్నది. కింద మేము, పైన రెండు గదుల అద్దె వాటా. మైలవరం కొండల వైపు పుట్టి కొల్లేటిలో కలిసే బుడమేరును బెజవాడ దుఃఖదాయని అంటారు. వెలగలేరు దగ్గర రెగ్యులేటరు కట్టి, మళ్ళింపు కాలువ తవ్వి, వరద నీటిలో కొంత భాగాన్ని ప్రకాశం బ్యారేజీకి ఎగువన కృష్ణలోకి పంపే ఏర్పాటు ఉంది. కృష్ణమ్మ తానే నిండి ఉంటే ఆ నీరు పోయే దారి ఏదీ? 2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల వానకు సరిగ్గా అదే జరిగింది. బ్యారేజీ దగ్గర ప్రవాహం 11 లక్షల క్యూసెక్కులు దాటింది; అటు మళ్ళింపు కాలువ గట్లకు గండ్లు పడ్డాయి. సైన్యం వచ్చి గండ్లు పూడ్చడంలో చేయి వేయవలసి వచ్చింది. ఇదంతా పత్రికలలో అందరూ చదివిందే కనుక తిరిగి వర్ణించను. ఆదివారం తెల్లవారేసరికి మా వీధిలోకి వచ్చిన నీరు మధ్యాహ్నానికి కింది వాటాలో అయిదడుగులు నిలిచింది. మేమిద్దరం పైవాటా వారి గదిలో ఎనిమిది రోజులున్నాం. వారు మాకు అద్దె చెల్లించేవారు. ఆ ఎనిమిది రోజులూ మేమే వారికి రుణపడ్డాం.

నీరు తీసిన తరువాత అగ్నిమాపక శకటం మా వీధికి కూడా వచ్చి గొట్టాలతో బురద కడిగిపెట్టింది. కింది అంతస్తు మునిగిన ఇళ్ళకు ప్రభుత్వం ఇచ్చిన 25 వేల రూపాయలు మంచాలకూ పరుపులకూ సరిపోయాయి. అసలు కథ ఆ తరువాతిది. వరద వచ్చి పోతుంది, నెమ్ము పోదు.

ముందు గదిలో మూడు గోడలకూ పుస్తకాల గూళ్ళున్నాయి. పదహారు వందల చిల్లర పుస్తకాలు. జీతంలో మిగిల్చి కొన్నవి కొన్ని, మా గురువుగారు కన్నుమూశాక వారి ఇంటివారు పిలిచి ఇచ్చినవి కొన్ని, బెజవాడ పుస్తక ప్రదర్శనలలో ఏటేటా మోసుకొచ్చినవి చాలా. తలుపు తీసి చూసేసరికి నన్ను ఆశ్చర్యపరచింది కింది అరలు కాదు. అవి ఎలా ఉంటాయో పై గదిలో కూర్చుని ఊహించుకొనే ఉన్నాను: నీరు తాగి ఉబ్బిన పుస్తకాలు ఒకదానినొకటి నొక్కుకొని, అర పలకలను చీల్చుకొని, బురద ఇటుకల్లా నిలిచాయి. నన్ను నిలబెట్టేసినవి పై రెండు అరలు. నీటి బొట్టు తాకనివి. వాటి వెన్నుల మీద ఆకుపచ్చ, బూడిదరంగు, నలుపు చుక్కలు పొడిపొడిగా మొలిచి ఉన్నాయి. ముత్యాల ముగ్గు పెట్టినంత శ్రద్ధగా.

మా పాఠశాలలో జీవశాస్త్రం చెప్పిన మిత్రుడొకరు చూడడానికి వచ్చి ఇందులో వింత లేదన్నారు. శిలీంధ్ర బీజాలు గాలిలో ఎప్పుడూ ఉంటాయి. మనం పీల్చే ప్రతి ఊపిరిలోనూ కొన్ని ఉంటాయి. వాటికి కావలసినవి మూడు: ఆహారం, వెచ్చదనం, తేమ. కాగితం, అట్టకు రాసిన మైదా జిగురు వాటికి విందుభోజనం. వెచ్చదనానికి బెజవాడలో కొదవలేదు. ఇన్నేళ్ళూ లేనిది తేమ ఒక్కటే. వస్తువు తడిసిన ఇరవైనాలుగు నుండి నలభై ఎనిమిది గంటలలో బూజు మొలవడం మొదలవుతుంది. నీటిలో పూర్తిగా మునిగి ఉన్న పుస్తకానికి గాలి అందదు కనుక దాన్ని బయటకు తీసేదాకా బూజుకు అవకాశం తక్కువ. మూసిన గదిలో, నీటి పైన, ఆవిరిలో ఎనిమిది రోజులు ఊరిన పై అరలకు మాత్రం అన్నీ అమరాయి. "మునిగినవాటికంటే ముంపు చూసినవాటికే ముందు తెగులు పట్టిందండీ మాస్టారూ" అన్నారాయన. విజ్ఞానశాస్త్రం చెప్పేవారు కూడా ఒక్కొక్కప్పుడు మంచి తెలుగు మాట్లాడతారు.

ఆ చుక్కలలో తరచుగా కనిపించే జాతి ఒకదాని పేరు ఆస్పర్జిల్లస్. ఫ్లారెన్సు నగరానికి చెందిన మిషెలీ అనే వృక్షశాస్త్రవేత్త 1729లో దానికి ఆ పేరు పెట్టారట.  సూక్ష్మదర్శినిలో ఆ బూజు ఆకారం చూసి, చర్చిలో పవిత్రజలం చిలకరించే సాధనం గుర్తుకు వచ్చి, దాని పేరే దీనికి పెట్టారు. మన పురోహితుడు ఎవరైనా చూసి ఉంటే మామిడాకులతో సంప్రోక్షణ అని పేరు పెట్టి ఉండేవారేమో. ఆ ఫ్లారెన్సులోనే 1966 నవంబరు 4న ఆర్నో నదికి వరద వచ్చి అక్కడి జాతీయ గ్రంథాలయంలోని లక్షల పుస్తకాలు బురదలో మునిగాయి. దేశదేశాల నుండి యువకులు వచ్చి చేతి నుండి చేతికి అందించుకొంటూ వాటిని పైకి తెచ్చారు. తడిసిన పుస్తకాలను కాపాడే విద్యకు నేటి రూపం చాలావరకు ఆ బురదలోనే ఏర్పడింది. ఇది చదివి నాకు కొంత ధైర్యం వచ్చింది. నా పుస్తకాలను అందించడానికి దేశదేశాలవారు రానక్కరలేదు, మా వీధి కుర్రవాళ్ళు నలుగురు వచ్చారు.

ఇంతలో ఇంటావిడకు ఆయాసం మొదలయింది.

ఆమెకు ఉబ్బసం ఇరవై ఏళ్ళుగా ఉన్నదే, కానీ మందులతో అణిగి ఉండేది. కిందికి దిగిన అయిదవ రోజు రాత్రి దిండు నిలబెట్టుకొని తెల్లవార్లూ కూర్చుంది. ఊపిరితిత్తుల వైద్యుడు పరీక్షలు చేయించి, మందు మోతాదు పెంచి, చివర ఒక ప్రశ్న అడిగారు. "ఇంట్లో బూజు పట్టిన వస్తువులు ఏమున్నాయి?" ఆమె నా వైపు చూసింది. నేను పైకప్పు వైపు చూశాను. ఆయన చెప్పినది సూటిగా ఉంది: బూజు బతికి ఉందా చచ్చిందా అన్నది ఉబ్బసానికి అనవసరం, చచ్చిన బూజు పొడి కూడా ఊపిరిని బిగిస్తుంది, కనుక మందు కొట్టి చంపడం చాలదు, ఇంట్లో లేకుండా చేయాలి. ఆటోలో వస్తూ ఆమె నెమ్మదిగా అన్నది: "ఏమండీ, ముప్పై ఏళ్ళుగా ఆ పుస్తకాలు దులిపినదాన్ని నేనే. వాటి మీద నాకేం పగ లేదు. కానీ నాకు ఊపిరి ఆడడం లేదండీ."

దానికి జవాబు ఏ కావ్యంలోనూ లేదు. ఆ సాయంత్రమే పుస్తకాలన్నీ వెనుక పెరట్లో రేకుల పంచ కిందికి చేర్పించాను.

అక్కడ నుండి పది రోజులు నేను చేసిన పని ఉద్యోగంలో ఎన్నడూ చేయలేదు: ఒక్కొక్క పుస్తకాన్నీ చేతిలోకి తీసుకొని, దీనికి బతికే అర్హత ఉందా అని అడగడం. కరోనా కాలంలో మిగిలిపోయిన ఎన్ 95 మాస్కులు, చేతికి రబ్బరు తొడుగులు. నేను పెట్టుకొన్న ప్రమాణం ఒకటే. ఈ పుస్తకానికి లోకంలో ఇంకొక ప్రతి ఉన్నదా? ప్రబంధాలు, వ్యాఖ్యానాలు, శతకాలు, విమర్శలు చాలావరకు ఉన్నాయి. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పథకంలో స్కాన్ చేసిన పాత తెలుగు గ్రంథాలు వేల సంఖ్యలో నేడు ఇంటర్నెట్ ఆర్కైవులో ఉచితంగా దొరుకుతున్నాయి. అలాంటిదాన్ని బూజుతో ఇంట్లో ఉంచుకొని మనిషిని దగ్గించడం ధర్మం కాదు. అట్ట కాగితం మెరిసే పుస్తకాలు, అంటే బొమ్మల పుస్తకాలు, తడిసి ఆరితే పేజీలు అతుక్కొని పలకలవుతాయి. వాటికి చికిత్సే లేదు. అవి ముందే వెళ్ళిపోయాయి.

కష్టమంతా శబ్దరత్నాకరం దగ్గర వచ్చింది. బహుజనపల్లి సీతారామాచార్యులవారి నిఘంటువు, 1885లో తొలిసారి అచ్చయినది. మా దగ్గరున్నది తరువాతి ముద్రణ. అచ్చు ప్రతులు కావలసినన్ని ఉన్నాయి కనుక నా ప్రమాణం ప్రకారం దానికి సెలవు చెప్పాలి. కానీ ఆ ప్రతి మా గురువుగారిది. అంచుల నిండా ఆయన పెన్సిలుతో రాసుకొన్న మాటలున్నాయి: నిఘంటువుకు ఎక్కని పల్లెటూరి పదాలు, గొడ్డు గోదా మాటలు, పొలం పనుల మాటలు, ఎవరి నోట ఎప్పుడు విన్నదీ తేదీతో సహా. అచ్చు పుస్తకానికి ప్రతులున్నాయి, ఆ అంచులకు లేవు. పెన్సిలు గీతకు ఒక గుణం ఉంది, నీటికి కరగదు. సీసం అని మనం పిలిచే ఆ గ్రాఫైటు నీటిలో మునిగినా కాగితాన్ని వదలదు. అందుచేత పెరట్లో బల్ల వేసి, రాత ఉన్న ప్రతి పేజీనీ ఫోనుతో ఫోటో తీశాను. మూడు వందల నలభై పేజీలు. బూజు వాసనకు కళ్ళు మండుతుంటే మధ్య మధ్య వీధిలోకి వెళ్ళి నిలబడి వచ్చాను. ఆ ఫోటోలు అబ్బాయికి హైదరాబాదు పంపించి, రెండు చోట్ల భద్రపరచమని చెప్పి, పుస్తకాన్ని ప్లాస్టిక్ సంచిలో కట్టి చెత్తబండికి ఇచ్చాను. పుస్తకాలను గుట్టపోసి తగులబెడదామని ఎవరో సలహా ఇచ్చారు. ఆ పని మాత్రం నా చేతులతో చేయదలచుకోలేదు.

తాతగారి నాటి తాటాకుల కట్ట ఒకటి నీటిలోనే ఎనిమిది రోజులుంది. జ్యోతిషానికి సంబంధించినది. విచిత్రం, అక్షరం చెడలేదు. గంటంతో ఆకును గీసి రాసిన రాత కదా, మసి కొట్టుకుపోయినా గీత ఉంటుంది. నీడన ఆరబెట్టి, రెండు పలకల మధ్య బరువు పెట్టి అణిచి, నిమ్మగడ్డి నూనె పలుచగా తుడిచి, దీపపు మసి మళ్ళీ రుద్దితే అక్షరాలు తేలాయి. పూర్వం ఆ కట్టలలో వసకొమ్ములు పెట్టి ఎర్రగుడ్డలో చుట్టేవారు. వాటిని ప్రతి రాసేవారు చివర "నీటి నుండి కాపాడండి" అన్న వేడుకోలును శ్లోకంగా కలిపే ఆచారం ఉండేది. దాన్ని నేను చిన్నప్పుడు అలంకారమనుకొనేవాణ్ణి.

అన్నింటికంటే పెద్ద దిగులు మాత్రం నావి కానివాటి గురించి. ఇంటావిడ పెళ్ళయి వచ్చిన 1983 నుండి రాసుకొన్న పాటల నోటు పుస్తకాలు పదకొండు. మంగళహారతులు, సీమంతం పాటలు, పెళ్ళిలో బంతులాట పాటలు, అప్పగింతల పాటలు, తిరగలి పాటలు. వాళ్ళ అమ్మ, మేనత్తలు, దివిసీమ వైపు ముత్తైదువలు పాడగా విని రాసుకొన్నవి. పాడినవారిలో ఇవాళ ఇద్దరే ఉన్నారు. ఆ నోటు పుస్తకాలు వంటింటి గోడ బీరువాలో, అడుగు అరలో ఉండేవి. నా పదహారు వందల పుస్తకాలనూ ఒక పక్క పెట్టి, ఈ పదకొండింటినీ మరొక పక్క పెడితే, లోకంలో ప్రతి లేనివి ఇవే.

చెన్నైలో ఒక గ్రంథాలయంలో పనిచేసే పూర్వ విద్యార్థి ఫోనులో అరిచినంత పని చేశాడు. "మాస్టారూ, ఎండలో పెట్టకండి! పేజీలు విప్పకండి! గడ్డకట్టించండి!" తడి కాగితం గడ్డకడితే బూజు ఎదుగుదల అక్కడికక్కడ ఆగుతుందట. తీరిక చేసుకొని ఒక్కొక్కటిగా ఆరబెట్టుకోవచ్చు. మా పేటలో కరెంటే సరిగా రాలేదు. బందరు రోడ్డు వైపు ఐస్‌క్రీము దుకాణం నడిపే మరొక విద్యార్థికి కబురు పంపితే, స్వయంగా వచ్చి, ఒక్కొక్క నోటు పుస్తకాన్నీ విడిగా ప్లాస్టిక్ సంచిలో పెట్టి పట్టుకెళ్ళాడు. సున్నకు కింద పద్దెనిమిది డిగ్రీల చలిలో, వెనీలా, బటర్‌స్కాచ్ డబ్బాల పక్కన మంగళహారతులు నెలన్నర ఉన్నాయి. పదవ తరగతిలో ఆ కుర్రవాడికి ఛందస్సు ఎంత చెప్పినా ఎక్కేది కాదు. గణవిభజన రాకపోయినా మనిషికి గుణం వస్తుందని ఇప్పుడు చెప్పగలను.

దసరా వెళ్ళాక రెండేసి పుస్తకాల చొప్పున తెచ్చుకొన్నాం. నీడలో, ఫ్యాను గాలి నేరుగా తగలకుండా గదిలో ఆడేట్టు పెట్టి, పది పన్నెండు పేజీలకొకటి చొప్పున అచ్చు వేయని న్యూస్‌ప్రింట్ ముక్కలు దూర్చి, అవి తడిసినప్పుడల్లా మారుస్తూ ఆరబెట్టాం. చదివిన దినపత్రిక వాడితే దాని సిరా అంటుతుందని తెల్లకాగితమే ప్రెస్సు నుండి తెచ్చాను. ఇదంతా పైవాటాలో, ఆమె లేని గదిలో. బాల్‌పెన్నుతో రాసిన నోటు పుస్తకాలు దాదాపు యథాతథంగా దక్కాయి. ఫౌంటెన్ పెన్నుతో నీలిసిరా పోసి రాసినవి, అంటే మొదటి నాలుగు, ఆమె కొత్త కోడలిగా ఉన్ననాటివి, పేజీలకు పేజీలు లేత నీలి మేఘాలయిపోయాయి. కాగితాన్ని వెలుగుకు ఏటవాలుగా పట్టుకొంటే పాళీ నొక్కిన గాడి కనబడుతుంది. ఆ గాడిని బట్టి, కొంత జ్ఞాపకాన్ని బట్టి ఆమె పాడుతుంటే నేను రాసుకొన్నాను. ఆయాసం మధ్యలో ఒక చరణం పాడి ఆగి, ఊపిరి తీసుకొని మరొకటి. నా ఉద్యోగ జీవితంలో ఇంత శ్రద్ధగా ఉక్తలేఖనం రాసింది లేదు.

ఇక గోడల సంగతి. పండుగకు పిల్లలు వస్తారు, రంగు వేయించమని చుట్టుపక్కల అందరూ అదే తొందర. పెయింటు దుకాణం వారు చెమ్మను ఆపే రంగు ఉందని, రెండు పూతలతో గోడ అద్దమవుతుందని చెప్పారు. తడి గోడకు ఆ పూత వేయడమంటే తడిసిన పిల్లవాడికి రెయిన్‌కోటు తొడగడమే. లోపలి నీరు బయటకు రావాలి, రాదు. పుట్టీని తోసుకొని పొక్కులుగా లేస్తుంది. ఇటుక గోడ ఆరడానికి అంగుళం మందానికి ఒక నెల అని ఒక మోటు లెక్క ఉంది. మాది తొమ్మిదంగుళాల గోడ. రెండు వైపులా ఆరితే నాలుగయిదు నెలలు. కనుక పుట్టీ, రంగు నిలువెత్తున గీకించి గోడలను దిగంబరంగా వదిలేశాం. వచ్చినవారికి ఇల్లు శిథిలాలయంలా కనిపించింది. ఆరిందో లేదో తెలుసుకొనే ఉపాయం మేస్త్రీ చూపించాడు. మూరెడు ప్లాస్టిక్ కాగితాన్ని గోడకు పెట్టి నాలుగంచులా టేపు అంటించి రెండు రోజులు ఉంచాలి. కాగితం లోపలి వైపు చెమర్చితే నీరు గోడలోనే ఉంది. బయటి వైపు చెమర్చితే ఆ తేమ గది గాలిది. నవంబరులో లోపల చెమర్చింది. జనవరిలో కొద్దిగా. ఫిబ్రవరి చివర పొడిగా ఉంది.

ఈ మధ్యలో అడుగున తెల్లని పొడి పూసింది. అది బూజనుకొని మా పక్కింటి వారు బెదిరారు. నీళ్ళు చల్లితే కరిగిపోయింది కనుక అది ఉప్పు, నీటితో పాటు గోడలోంచి పైకి వచ్చినది. బూజు కరగదు. ఆ పొడిని పొడి బ్రష్షుతో ఎత్తేయవచ్చు, బూజును మాత్రం తడిగుడ్డతోనే తుడవాలి, గుడ్డను పారేయాలి. ఒక మాట గట్టిగా చెప్పాలి. వరద తరువాత మా వీధిలో అందరి చేతా బ్లీచింగు పొడి ఉండేది. గచ్చు మీద, టైల్సు మీద మంచిదే. గోడలోపలికి మాత్రం దానిలోని నీరే దిగుతుంది, మందు పైనే ఉండిపోతుంది. మరకలు పోవాలని ఒకావిడ దానిలో మరుగుదొడ్డి యాసిడ్ కలిపింది; లేచిన వాయువుకు ఆమెను మంచినీళ్ళు తాగించి బయట కూర్చోబెట్టవలసి వచ్చింది. ఆ రెండూ ఎన్నడూ కలపకూడదు. అది క్లోరిను, ప్రాణం తీయగలదు. బీరువాలో కలరా ఉండలు వేస్తే చాలనేవారూ ఉన్నారు. అవి పురుగులకు, బూజుకు కాదు. పూర్వం గ్రంథాలయాలలో పుస్తకాలకు థైమాల్ ఆవిరి పట్టేవారు. మన పచారీ కొట్టు వాము పువ్వే అది. ఆ ఆవిరి మనుషులకు మంచిది కాదని, బూజు మళ్ళీ రాకుండా ఆపలేదని ఇప్పుడు మానేశారు.

మార్చిలో గోడలకు సున్నం వేయించాను. సున్నం అంటే కుర్ర మేస్త్రీలు నవ్వారు. ఎక్కడా దొరకదన్నారు. చివరికి ఒక ముసలి వెల్లవాడు దొరికి, రాళ్ళసున్నం తెచ్చి, డ్రమ్ములో నీరు పోసి మరిగించి, రెండు రోజులు నాననిచ్చి, గుడ్డలో వడగట్టి మూడు పూతలు వేశాడు. తడి సున్నానికి క్షారగుణం తీవ్రం, బూజు దాని మీద మొలవలేదు. పైగా సున్నం గోడను మూసేయదు, నీటి ఆవిరిని పోనిస్తుంది. అయితే గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకొని కాలక్రమాన సున్నపురాయిగా మారిపోతుంది, అప్పుడు ఆ క్షారం తగ్గుతుంది. ఏటేటా సంక్రాంతికి వెల్ల వేయడం మన వాళ్ళ ముచ్చట మాత్రమే అనుకొనేవారు ఇది గమనించాలి. ఈ మాట చెబితే ఇంటావిడ, "ఆవకాయకు తడి చెయ్యి తగలనీయకపోవడం ఎందుకనుకొన్నారు మరి?" అన్నది. ఉప్పు నీటిని లాగేస్తుంది, పైన నూనె గాలిని ఆపుతుంది. జాడీ మూతి తుడిచే గుడ్డ కూడా పొడిగా ఉండాలి. నేను మూడు నెలలు చదివి తెలుసుకొన్నది ఆమెకు వంటింట్లో నలభై ఏళ్ళుగా తెలుసు. నన్ను అడగనివ్వలేదు అంతే, నేను ఉపన్యాసం చెబుతూ ఉన్నాను కనుక.

2025 వానాకాలానికి ముందే తేమను కొలిచే చిన్న హైగ్రోమీటరు ఒకటి కొన్నాను, కొన్ని వందల రూపాయలే. అరవై అయిదు శాతం దాటితే పుస్తకాలకు ప్రమాదమంటారు. ఆగస్టులో మా ముందు గదిలో ఎనభై చూపించింది. కోస్తాలో వానాకాలమంతా దానిని అరవై అయిదుకు దింపడం ఏసీ లేకుండా అసాధ్యం. గాలిని మాత్రం ఆడించవచ్చు. మిగిలిన నాలుగు వందల పుస్తకాలకు కొత్త ఇనుప గూళ్ళు చేయించి, గోడకు రెండంగుళాలు ఎడంగా నిలబెట్టాను. పుస్తకాలు బిగించి పేర్చడం లేదు. నేల నుండి అయిదున్నర అడుగుల దాకా అరలు ఖాళీ. వచ్చినవారు ఈ ఎత్తున గూళ్ళేమిటని అడుగుతారు. స్టూలు ఎక్కి తీసుకోవలసి వస్తోంది, మోకాళ్ళకు బాగాలేదు. ఆ గదిలోకి ఆమె ఇప్పుడు వస్తోంది, కూర్చుంటోంది. మందు మోతాదు పాత స్థాయికి వచ్చింది. ఈ టపా రాస్తున్నది కూడా ఆ గదిలోనే.

పదకొండు నోటు పుస్తకాలలో పాటలు రెండు వందల పన్నెండు. వాటిలో నూట ఎనభై పైన పూర్తిగా దక్కాయి. కొన్ని చరణాలు పోయినవి ఇరవై దాకా ఉన్నాయి. వాటిలో ఆమె పట్టువదలకుండా వెతుకుతున్నది ఒక అప్పగింతల పాట. పెళ్ళికూతురు బయలుదేరేటప్పుడు తల్లి కూతురితో కాక ఇంటితో మాట్లాడుతుంది అందులో: ముందు పెరటి చెట్టుతో, తరువాత బావితో, తరువాత ఉట్టితో. నాలుగవ చరణం నీలిమరక. పాళీ గాడిని బట్టి మొదటి అక్షరం గకారమని మాత్రం తెలుస్తోంది. గడప అని ఆమె, గాదె అని నేను. వాళ్ళ మేనత్తకు ఫోను చేస్తే ఆవిడ మూడు చరణాలు పాడి, నాలుగవదాని దగ్గర ఏడ్చేసి పెట్టేశారు. దివి, బందరు, గుడివాడ ప్రాంతాలవారి ఇళ్ళలో పెద్దవారు ఎవరికైనా ఈ పాట వచ్చి ఉంటే దయచేసి రాయండి. కొత్త నోటు పుస్తకంలో, పెన్సిలుతో, ఆ చరణానికి ఆరు గీతలు ఖాళీ ఉంచింది.